చెప్పలేనిదెల్ల మఱచినదేనా?



నేడు నేను మీకు విన్నవింపబోవు విషయము బాలుర జ్ఞాపకశక్తి. బాలుడు నేర్చినదానిని తలచుకొని నోట చెప్పుట ఒక జ్ఞాపకము. నోట చెప్పలేకపోయినను వాని చేతియందును, కంటియందును, చెవియందును నిలిచియుండి సమయమునకు పనిచేయునది మఱియొక జ్ఞాపకము. ఈ రెండవదానిని కొలువవచ్చునా? కొలిచినచో నది వయస్సుతోపాటు పెరుగునా, లేక చిన్ననాటనే ఇంచుమించు నిండుగా నుండునా? ఈ ప్రశ్నలకు పండితులు నూఱేండ్లకు పైగా సమాధానము వెదకుచున్నారు. ఇది పరిశోధనాలయములలో తేలవలసిన సంగతి గదా, పల్లెలోని మనకేల యని మీరు తలపవచ్చును. అది మనకేల కావలెనో మొదట చెప్పెదను.

గడచిన శ్రావణమాసమున ఒక శనివారము నేను ఇడుపులపాయ నుండి గండి వీరాంజనేయస్వామి దర్శనమునకు పోయితిని. పాపఘ్ని యొడ్డున, నలువది యేండ్లు దాటిన గొఱ్ఱెలకాపరి యొకడు నన్ను గుఱుతుపట్టి నమస్కరించెను. వాని ప్రక్కన ఎనిమిదేండ్ల బాలుడు నిలిచియుండెను. కుశలప్రశ్నలైన పిమ్మట కాపరి నవ్వుచు, “అయ్యవారూ, మావాడు గూడా నా మాదిరే మొద్దు. వీనికి చదువు అంటదు. వచ్చే యేడు మందతో తోలుకపోతా” అని పలికెను.

ఆ మాట విని నేను తల వంచుకొంటిని. చదువు అంటదు అనునది వాడు నావద్ద నేర్చిన మాట. ముప్పది యేండ్లకు పూర్వము వాడు నా బడిలో మూడవ తరగతి చదువుచుండెను. ఆ యేడు వానలు లేక వాని తండ్రి మందను తోలుకొని కొండలు దాటి తూర్పునకు మేతకు పోయెను. బాలుడును వెంట పోయెను. రెండేండ్లకు తిరిగివచ్చి బడిలో కూర్చుండగా నేను వానిని నిలువబెట్టి యేడవ యెక్కము చెప్పుమంటిని. ఒక్క మెట్టును చెప్పలేదు. పూర్వము గడగడ చదివిన పద్యములు రెండు అడిగితిని. నోరు మెదపలేదు. అంతయు పోయినదని నిశ్చయించి వానిని ఒకటవ తరగతి పిల్లల నడుమ కూర్చుండబెట్టితిని. తండ్రి వచ్చి యడుగగా, వీనికి చదువంటదని చెప్పితిని. నెల తిరుగకముందే బాలుడు బడి మానెను.

ఆనాడు నేనడిగిన ప్రశ్న యొక్కటే: “జ్ఞాపకమున్నదా? చెప్పుము.” అడుగవలసిన రెండవ ప్రశ్న యొకటి కలదని నాకు అప్పుడు తెలియదు. నేటి నా ప్రసంగము ఆ రెండవ ప్రశ్నను గూర్చినది.

తర్కశాస్త్రము కొంతయైన చదివినవారికి ఈ విషయము బొత్తిగా క్రొత్తది కాదు. అన్నంభట్టు తన తర్కసంగ్రహమున సంస్కారము మూడు విధములని చెప్పి, అందు భావన యనుదానిని స్మృతికి కారణముగా నెన్నెను. మనమొక వస్తువును చూచితిమి. ఆ యనుభవము వెంటనే పోయినది. కాని దాని గుఱుతు లోపల మఱుగుపడి నిలిచినది. సమయము వచ్చినప్పుడు ఆ మఱుగుపడినదే స్మృతిగా మేల్కొనును. సంస్కారమును కంటితో చూచినవారు లేరు. దాని ఫలమును చూచి అది కలదని ఊహింపవలసినదే. ఇంతవఱకు మన పూర్వులు స్పష్టముగా చెప్పిరి. నేటి పరిశోధకులు దీనికి చేర్చినదేమనగా, ఒకప్పటి యనుభవము తలపునకు రాకుండగనే మన పనిని సులువు చేయగలదు. తెలిసినదానిని త్వరగా పోల్చుకొనునట్లు కంటిని సిద్ధపఱచగలదు. వేలికి వరుస నేర్పగలదు. ఈ ఫలమును నేను గుప్తస్మృతి యని పిలిచెదను. తలచి చెప్పగలదానిని వ్యక్తస్మృతి యందము.

వ్యక్తస్మృతికి మన సీమలో గొప్ప నిదర్శనము అవధానము. ప్రొద్దుటూరి కవులైన దుర్భాక రాజశేఖర శతావధానిగారిని, గడియారము వేంకటశేషశాస్త్రిగారిని మీలో పెద్దలెఱుగుదురు. అవధాని యైనవాడు పృచ్ఛకులకు విడివిడిగా చెప్పిన పద్యపాదములను మనస్సున నిలుపుకొని, కడపట ఎవరి పద్యము వారికి వరుసగా అప్పగించును. ఏది యెవరికి చెప్పితినో ఎఱిగి చెప్పును. ఇది వ్యక్తస్మృతి. ఆ యవధానియే సభకు నడచివచ్చునప్పుడు ఏ కాలు ముందు వేయవలెనో తలచుకొనడు. తాను నడక నేర్చిన దినమును చెప్పుమన్నచో చెప్పజాలడు. అయినను నడక తప్పదు. ఇది గుప్తస్మృతి.

చెప్పరానిదానిని కొలుచుటకు త్రోవ చూపినవాడు జర్మనీ దేశీయుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. ఆయన తన్నే పరీక్షకు పెట్టుకొని, అర్థములేని అక్షరముల గుంపులను కంఠస్థము చేసి, కొంతకాలము విడిచి, మఱల వాటినే వల్లించెను. ఆ ఫలితములను 1885లో గ్రంథముగా ప్రకటించెను. ఆయన యుక్తి మిక్కిలి సులువైనది. పాతపాఠము జ్ఞాపకమున్నదా యని అడుగుటతో తృప్తిపడక, దానిని మఱల నేర్చుటకు ఎంత శ్రమ పట్టినదో ఆయన లెక్కించెను. ఒక పాఠము తొలుత పదిమాఱులు చదివినగాని రాలేదనుకొందము. కొంతకాలమునకు అందులో ఒక్క ముక్కయు తలపునకు రాలేదు. అయినను ఈ తడవ ఆఱు చదువులలోనే వచ్చెను. పదింటికి నాలుగు చదువులు కలిసివచ్చినవి. అనగా నూటికి నలువది మిగులు.

లోపల నేమియు నిలువకున్నచో ఈ మిగులు ఎక్కడినుండి వచ్చినది? మన పెద్దలు జొన్నలను పాతరలో పోసి పైన మన్ను కప్పెడివారు. పైనుండి చూచువానికి అచ్చట నేలయే కనబడును. కాని ఆ యింటివారు అంగడిలో కొను జొన్నలు ఎంత తగ్గినవో లెక్కించినచో, పాతరనుండి ఎంత వచ్చినదో తెలియును. ఎబ్బింగ్‌హౌస్ కొలత అట్టిది. నా శిష్యునికి ఏడవ యెక్కము రెండవమాఱు ఎన్ని దినములలో వచ్చునో నేను చూడవలసియుండెను. నేల చదునుగా నున్నది గావున పాతర లేదని తీర్పు చెప్పితిని.

ఈ రెండు జ్ఞాపకములు నిజముగా వేఱువేఱని మెదడు చెడినవారి వలన దృఢపడినది. జెనీవా నగరమున క్లాపరేడ్ అను పండితుడు ఒక రోగిణిని గూర్చి 1911లో వ్రాసెను. ఆమె నిత్యము చూచు వైద్యుని సైతము గుఱుతుపట్టలేదు. ఒకనాడు ఆయన వ్రేళ్ల నడుమ గుండుసూది దాచుకొని ఆమెతో చేయి కలిపెను. పిమ్మట ఆయన చేయి చాపగా ఆమె తన చేతిని వెనుకకు తీసికొనెను. ఏల తీసికొంటివని అడుగగా సూది గ్రుచ్చుకొన్న సంగతిని చెప్పలేకపోయెను. మనస్సు చెప్పలేని బాధను చేయి నిలుపుకొన్నది.

అమెరికాలో హెన్రీ మోలైసన్ అనువానికి మూర్ఛవ్యాధి కుదుర్చుటకై 1953లో మెదడునకు శస్త్రచికిత్స జరిగెను. అందు రెండు ప్రక్కలను హిప్పోకాంపస్ అను భాగమును చాలవఱకు తీసివేసిరి. సముద్రగుఱ్ఱమును పోలియుండుటచే దానికా పేరు వచ్చినది. నాటినుండి ఆయనకు క్రొత్త సంగతి యేదియు నిలువదయ్యెను. బ్రెండా మిల్నర్ అను విదుషి ఆయనచే అద్దములో మాత్రము చూచుచు నక్షత్రాకారపు గీతపై పెన్సిలు నడపించెను. అద్దములో కుడియెడమలు తాఱుమాఱగుటచే అది కష్టమైన పని. మూడు దినములలో ఆయన చేయి చక్కగా కుదిరినది. ప్రతిదినమును తానీ పని యెన్నడును చేయలేదనియే ఆయన తలచెను. ఈ వృత్తాంతమును మిల్నర్ 1962లో ప్రకటించెను. తలచి చెప్పుటకు హిప్పోకాంపస్ అవసరమైనదనియు, చేతి నేర్పునకు మెదడులో వేఱు దారులున్నవనియు ఇందువలన తేటపడినది. 1985లో గ్రాఫ్, షాక్టర్ అను పండితులు ఈ రెండు విధములకు ఇంగ్లీషున వేఱువేఱు పేర్లు పెట్టిరి. ఆ పేర్లే లోకమున నిలిచినవి.

ఇక బాలుర సంగతికి వత్తము. మూడేండ్ల బిడ్డ గతమాసపు పెండ్లివిందును సగమైన చెప్పలేదు. పదేండ్ల బాలుడు చక్కగా చెప్పును. వ్యక్తస్మృతి వయస్సుతో పెరుగుననుటకు మనకు సాక్ష్యమక్కఱలేదు. గుప్తస్మృతియు అట్లే పెరుగునా?

దీనిని కొలుచుటకు ముక్కలబొమ్మలు ఉపయోగపడినవి. ఒక యెద్దుబొమ్మను గీసి, దాని గీతలను చాలవఱకు చెఱిపివేయుదురు. మొదటి కాగితముపై కొమ్ము తునకయు తోకకొనయు మాత్రముండును. తరువాతి కాగితముపై మఱికొన్ని గీతలు చేరును. కడపటి కాగితముపై ఎద్దు పూర్తిగా కనబడును. బాలుడు ఎన్నవ కాగితముకడ ఎద్దని చెప్పునో గుఱుతు వేసికొందురు. కొంతకాలము గడచిన పిమ్మట ఆ బొమ్మలనే మఱల చూపుదురు. మునుపటికన్న తక్కువ గీతలతోనే పోల్చుకొన్నచో పాత చూపు లోపల నిలిచినదన్నమాట. అప్పుడే, ఈ బొమ్మను నీవు మునుపు చూచితివా యనియు అడుగుదురు. ఒక్క పరీక్షలో రెండు జ్ఞాపకములును కొలతకు వచ్చును. ఇట్టి బొమ్మలతో గోలిన్ అను పండితుడు 1960లో పిల్లల చూపును పరీక్షించెను. 1988లో ఇంగ్లీషు పండితులు పార్కిన్, స్ట్రీట్ అనువారు మూడు, ఐదు, ఏడు సంవత్సరముల పిల్లలను, పెద్దవారిని ఇట్లు పరీక్షించిరి. చూచితివా యను ప్రశ్నకు సమాధానము వయస్సుతోపాటు మెఱుగుపడినది. తక్కువ గీతలతో పోల్చుకొనుటలోని లాభము మాత్రము మూడేండ్ల బిడ్డకును పెద్దవానికిని ఇంచుమించు సమానముగా నుండెను.

అయితే ఇచ్చట ఒక చిక్కు కలదు. దీనిని శ్రద్ధతో వినుడు; ఈ విద్యలోని కష్టమంతయు ఇందున్నది. ఉదాహరణకు నేనే రెండు లెక్కలు కల్పించి చెప్పెదను. బాలుడు తొలుత ఎనిమిదవ కాగితముకడ ఎద్దును పోల్చెను. రెండవమాఱు ఆఱవదానికడ పోల్చెను. పెద్దవాడు తొలుత నాలుగవదానికడ, రెండవమాఱు మూడవదానికడ పోల్చెను. బాలునికి రెండు కాగితములు కలిసివచ్చినవి, పెద్దవానికి ఒకటి. కావున బాలుని గుప్తస్మృతి పెద్దవానికి రెట్టింపందమా? ఎనిమిదింటికి రెండు, నాలుగింటికి ఒకటి. రెండును నాలుగవ వంతులే. ఈ లెక్కన ఇద్దఱును సమానులు. మిగులు ఒక్కటే, తీసివేతతో కొలిచినచో ఒక ఫలము, పాలుతో కొలిచినచో మఱియొక ఫలము. పెద్దవాడు మొదటినుండియు త్వరగా చూడగలడు. వాని మొదలు వేఱు, బాలుని మొదలు వేఱు. మొదలు చూడక లాభము నెన్నుట తగదని వ్యవసాయదారులకు నేను చెప్పనక్కఱలేదు.

ఈ చిక్కు ఎంత దూరము పోవునో వరుసల పరీక్ష వలన తెలియును. పలకపై నాలుగు చోట్లు ఏర్పఱచి, ఏ చోట దీపము వెలిగిన ఆ చోటి మీటను నొక్కుమందురు. దీపములు ఒక దాగిన వరుసలో వెలుగుచుండును. నొక్కువానికి వరుస యున్నదని తెలియదు. కాని నానాటికి చేయి త్వరపడును. ఆకస్మికముగా వరుస మార్చినచో చేయి తడబడి ఆలస్యమగును. ఆ యాలస్యమే గుప్తస్మృతికి కొలత. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతములందు గుంటమగ్గముపై నేయువారి కాళ్లను మీరు చూచియుందురు. కాళ్లక్రింది చెక్కల వరుసను వారు తలచి త్రొక్కరు. ఎవరైన ఆ చెక్కలను మార్చి కట్టినచో తడబడుదురు. ఆ తడబాటులోనే వారి నేర్పు బయటపడును.

నిస్సెన్, బులెమర్ అనువారు 1987లో ఈ పరీక్షను ప్రకటించిరి. 1998లో మెలెమాన్స్ అను పండితుడు తోడివారితో ఆఱేండ్ల, పదేండ్ల బాలురను పెద్దవారితో పోల్చి, నేర్పు సమానమనెను. 2004లో అమెరికాలో థామస్ అను విదుషియు ఆమె తోడివారును ఏడు మొదలు పదునొకండు సంవత్సరముల బాలురను పరీక్షించి, పెద్దవారే ఎక్కువ నేర్చిరనిరి. 2012లో హంగరీ దేశపు పండితులు యానచెక్, ఫిషర్, నేమెత్ అనువారు నాలుగేండ్లనుండి యెనుబదియైదేండ్ల వఱకు గల జనులను పరీక్షించి, పండ్రెండేండ్లలోపు బాలురే మేలనిరి. ఒకరు సమానమనిరి, ఒకరు పెద్దవారనిరి, ఒకరు బాలురనిరి. ఇందు ఎవరును అసత్యమాడలేదు. పరీక్షలు కొంత వేఱు, వరుసలు కొంత వేఱు, లెక్కించు తీరు వేఱు. కావున గుప్తస్మృతి యెన్నడును పెరుగదను మాట తొందరపాటు. నిశ్చయముగా చెప్పదగినది ఇది: వ్యక్తస్మృతి పెరిగినంతగా గుప్తస్మృతి వయస్సుతో మారుట కానరాదు. అది మిక్కిలి చిన్ననాటనే పనికి వచ్చును.

ఎంత చిన్ననాట? గర్భమునందే అభిమన్యుడు పద్మవ్యూహకథను వినెనని మనము చెప్పుకొందుము. 1986లో అమెరికాలో డికాస్పర్, స్పెన్స్ అనువారు గర్భిణీస్త్రీలచే కడపటి ఆఱు వారములు ఒక కథను ప్రతిదినము బిగ్గరగా చదివించిరి. పుట్టిన పిమ్మట ఆ శిశువులు పాలతిత్తిని చప్పరించు తీరును కొలువగా, క్రొత్తకథకన్న విన్నకథకే మొగ్గుచూపిరి. శిశువు నిలుపుకొన్నది కథలోని అర్థము గాదు, దాని నడక మాత్రమే. అయినను అది చిన్న సంగతి కాదు.

కరోలిన్ రోవీ-కోల్యర్ అను అమెరికా విదుషి ఊయలపై వ్రేలాడు బొమ్మలతో శిశువుల జ్ఞాపకమును కొలిచెను. మన యిండ్లలో ఊయలపై చిలుకలపందిరి కట్టుదుము గదా, అట్టిది. మొదట శిశువు ఊరకయే నిమిషమునకు ఎన్నిమాఱులు కాలు తన్నునో లెక్కించును. ఇది మొదలు. పిమ్మట చీలమండకు నాడా కట్టి బొమ్మలకు తగిలించును. కాలు తన్నిన బొమ్మ లాడును. శిశువు ఈ మర్మమును నిమిషములలో గ్రహించును. కొన్ని దినములు గడచినపిమ్మట నాడా కట్టకయే అవే బొమ్మలు చూపగా, మొదటికన్న హెచ్చుగా తన్నినచో జ్ఞాపకమున్నదన్నమాట. రెండు నెలల శిశువుకు ఒకటి రెండు దినములు, మూడు నెలల శిశువుకు వారమంత, ఆఱు నెలల శిశువుకు రెండు వారములు ఈ జ్ఞాపకము నిలిచెను. మఱియొక వింత కలదు. మఱచిన శిశువుకు పరీక్షకు ముందటిదినము ఆ బొమ్మలను కొలదిసేపు ఆడించి చూపినంతనే పోయిన జ్ఞాపకము తిరిగివచ్చెను. ఇది 1980లో ప్రకటితమైనది. శిశువుల యీ జ్ఞాపకము గుప్తస్మృతియే యని అందఱును ఒప్పుకొనలేదు. ఆ విదుషియే దానిని శంకించెను. పేరేదైనను, మాటలు రాని శిశువు నేర్చి నిలుపుకొనుననుట సిద్ధము.

మన దేశపు బిడ్డలకు సంబంధించిన కొలత యొకటి చెప్పెదను. మనము పాత యనుటకును పాట యనుటకును గల భేదము మనకు స్పష్టము. త దంత్యము, ట మూర్ధన్యము. ఇంగ్లీషు మాత్రమే యెఱిగినవారి చెవికి ఈ భేదము తెలియుట కష్టము. భారతదేశమున పుట్టి, చిన్ననాటనే అమెరికా కుటుంబములకు దత్తుపోయి, పుట్టుకభాషను మఱచిన పిల్లలను లేహర్ సింగ్ అను విదుషి తోడివారితో పరీక్షించి 2011లో ఫలితము ప్రకటించెను. తొలుత ఆ పిల్లలును అమెరికా పిల్లలవలెనే ఈ రెండు ధ్వనులను వేఱుచేయలేకపోయిరి. కొలదిపాటి శిక్షణ యిచ్చిన పిమ్మట దత్తుపోయిన పిల్లలు వేఱుచేసిరి; అమెరికా పిల్లలు అదే శిక్షణతో చేయలేకపోయిరి. భాష పోయినది, మాట పోయినది, చెవిలోని సంస్కారము పోలేదు. మొదటి పరీక్షతోనే ఆగియుండినచో అంతయు పోయినదనియే వ్రాసెడివారు. నేను నా శిష్యుని విషయమున సరిగా అచ్చటనే ఆగితిని.

ఇంకొక నిదర్శనము. 1994లో న్యూకోంబ్, ఫాక్స్ అను అమెరికా పండితులు తొమ్మిది పదేండ్ల బాలురకు, వారితో నాలుగైదేండ్లనాడు శిశుపాఠశాలలో కలిసి చదివిన పిల్లల ఛాయాపటములను, ఎఱుగని పిల్లల పటములతో కలిపి చూపిరి. చూపునప్పుడు చేతిచర్మముపై సన్నని చెమటవలన కలుగు విద్యుత్తు మార్పును యంత్రముతో కొలిచిరి. కొందఱు బాలురు పాత స్నేహితులను గుఱుతుపట్టలేదు. ఎఱుగమని నోటితో చెప్పినవారి చర్మము మాత్రము ఎఱిగినవారి చర్మమువలెనే కదలిక చూపెను.

ఇంత చెప్పి, దీని హద్దును గూడ చెప్పనిచో మిమ్ము మోసగించినవాడనగుదును. ఈ కొలతలు పిల్లల గుంపులను గూర్చి చెప్పునవి. ఒక బాలుని నేడును, మఱల వారమునకును పరీక్షించినచో గుప్తస్మృతి యంకెలు తఱచుగా పొసగవు. నోటితో అడుగు పరీక్షలే ఇంతకన్న నిలుకడగలవి. కావున ముక్కలబొమ్మలు తెచ్చి మీ మనుమలకు తెలివి యంకెలు వేయకుడు. ఎక్కములు, పద్యములు కంఠస్థము చేయుట వ్యర్థమనియు నేననను. బ్రతుకునకు రెండు జ్ఞాపకములును వలయును. మన ఇడుపులపాయలో 2008లో వెలసిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు పల్లెపిల్లలు ఎందఱో వచ్చుచున్నారు. వారి ప్రవేశమునకు పదవతరగతి మార్కులే ఆధారము. ఆ మార్కులు వ్యక్తస్మృతికి వచ్చునవి. కాని మూడవ తరగతిలోనే మొద్దని పేరుపెట్టి మందవెంట పంపిన బాలుడు పదవతరగతికి ఎట్లు చేరును?

కావున పెద్దలకు, పంతుళ్లకు నా మనవి రెండు. వలసపోయి గాని, రోగపడి గాని, బడి మాని తిరిగివచ్చిన బాలుని మొదటిదినముననే నిలువబెట్టి అడిగి తీర్పు చెప్పకుడు. పాతపాఠమునే మఱల చెప్పుడు. ఎన్ని చదువులలో వచ్చునో లెక్కించుడు. అంతే నిడివిగల క్రొత్తపాఠమును చెప్పి దానితో పోల్చుడు. ఒక్కమాఱు గాక నాలుగైదు మాఱులు చూడుడు. ఇక రెండవది: వాడు చిన్నవాడు, వానికేమి తెలియునని పసిబిడ్డయెదుట కేకలు, దెబ్బలు తేలికగా తలపకుడు. జెనీవా రోగిణి సూదిని చెప్పలేదు, చేయి మాత్రము లాగుకొనెను. చెప్పలేనివానికి తగులలేదని యెంచరాదు.

గండికడ కనబడిన ఆ బాలుని నేను సాయంకాలములందు మా యింటికి రప్పించుకొంటిని. గతసంవత్సరము బడిలో చదివి మఱచిన పద్యమొకటి, అంతే నిడివిగల క్రొత్తపద్యమొకటి జతగా చెప్పితిని. ఇట్లు నాలుగు జతలు. మూడింటిలో పాతపద్యము ముందు వచ్చినది. ఒకదానిలో రెండును సమానముగా వచ్చినవి. ఇది శాస్త్రపరీక్ష యని నేననను. పదిమంది బాలురను చూచి చేసినది కాదు. కాని మొద్దనుటకు ఆధారము లేదని చెప్పుటకు నాకది చాలినది. ఆ కాగితమును తండ్రికి చూపితిని. ముప్పది యేండ్లనాడు నీ విషయమున నేనీ లెక్క వేయలేదు, వేయక చెప్పిన మాట తప్పు అని వానితో అంటిని. వాడు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట కాగితమును మడిచి రుమాలులో కట్టుకొనెను.

వానికి జరిగినదానిని నేను దిద్దలేను. ఈ యేడు మందవెంట వాడొక్కడే పోయినాడు. బాలుడు బడిలో నున్నాడు.